రెండే ముక్కలు

మా మరిది సివిల్ ఇంజినీరు. వంతెన నమూనా కాగితం మీద చూసి, ఏ దూలం మీద ఎంత బరువు పడుతుందో చెప్పగలిగిన మనిషి. పోయిన సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు, ముందుగదిలో బల్ల మీద ఉన్న రెండు టేకు ముక్కలను చూసి "ఇవేమిటి వదినా?" అని అడిగాడు. రెండూ అచ్చంగా ఒకే ఆకారంలో, ఒకే కొలతలో ఉన్నాయనీ, వాటిని సరిగా కలిపితే నాలుగు వైపులా సమబాహు త్రిభుజాలే ఉన్న చిన్న పిరమిడ్ తయారవుతుందనీ చెప్పాను. కాఫీ చల్లారేలోగా చేసి చూపిస్తానని నవ్వాడు. కాఫీ చల్లారింది. ఆ తరువాత అరిసెలు వచ్చాయి, ఖాళీ పళ్లెం వెళ్లిపోయింది, భోజనానికి లేవమని మా వారు రెండుసార్లు పిలిచారు. మూడోసారి పిలిచినప్పుడు, ముక్కల్లో ఒకటి తప్పుగా కోసి ఉంటారని తేల్చి, మరిది లేచాడు.

ముక్కలు తప్పుగా కోసినవి కావు. ఈ చిన్న అవమానాన్ని నేను కూడా పడినదాన్నే కాబట్టి అతనిని ఆటపట్టించలేదు. వృత్తిరీత్యా నేను లెక్కలు సరిచూసే ఉద్యోగిని. అంకెలు కుదరకపోతే నిద్రపట్టని స్వభావం నాకు ఈ చెక్క పజిళ్ల పిచ్చిని కూడా అంటగట్టింది. అయితే వందల ముక్కలు ఉన్నవాటి మీద నాకు మోజు లేదు. ఒక చేతిలో ఇమిడిపోయే కొద్దిపాటి ముక్కలతో, ఏ మర్మమూ దాచుకోనట్లు కనిపిస్తూ, గంటల తరబడి మనిషిని కూర్చోబెట్టే వాటి గురించే ఇక్కడ రాయదలచుకున్నాను.

ముందు ఆ రెండు ముక్కల సంగతి చూద్దాం. నాలుగు ముఖాలూ సమబాహు త్రిభుజాలైన ఘనాకృతిని చతుర్ముఖి అంటారు. దానికి ఆరు అంచులు ఉంటాయి. ఎదురెదురుగా ఉండే రెండు అంచులను తీసుకుని, వాటికి సరిగ్గా నడుమన, రెండింటికీ సమాంతరంగా రంపం నడిపితే చతుర్ముఖి రెండు సమానమైన ముక్కలుగా విడిపోతుంది. కోసిన చోట పడే ముఖం చతురస్రం. త్రిభుజాలు తప్ప మరేమీ లేని బొమ్మ లోపల నిఖార్సయిన చతురస్రం ఒకటి దాగి ఉందన్న సంగతి మొదటిసారి చూసినవారు ఎవరూ వెంటనే నమ్మరు. ఒక్కొక్క ముక్కకు ఆ చతురస్రంతో పాటు రెండు చిన్న సమబాహు త్రిభుజాలు, రెండు సమలంబ చతుర్భుజాలు కలిపి అయిదు ముఖాలు ఉంటాయి.

ఇప్పుడు కలపాలి. చతురస్రాన్ని చతురస్రానికి ఆనించాలని చాలామందికి కాసేపట్లోనే తడుతుంది. అలా ఆనించిన తరువాత మిగిలే అవకాశాలు నిజానికి రెండే: రెండు ముక్కల పొడవైన అంచులూ ఒకే దిక్కుకు పడుకుని ఉండడం ఒకటి, ఒకదానికొకటి అడ్డంగా ఉండడం రెండోది. మొదటిది తప్పు, రెండోది ఒప్పు. దాదాపు అందరూ మొదటిది చేసి, అది పిరమిడ్ కాలేదని చూసి, చతురస్రాల ఆలోచననే మొత్తంగా వదిలేస్తారు. ఒక పావు చుట్టు తిప్పి చూడాలని తోచదు. చతురస్రాన్ని పావు చుట్టు తిప్పినా చతురస్రమే కాబట్టి, తిప్పడం వల్ల ఒరిగేదేమీ లేదని కన్ను ముందే తీర్మానించుకుంటుంది. ముఖం మారదు గాని, ఆ ముఖం వెనుక ఉన్న చెక్క మారుతుంది. మా మరిది కూడా చతురస్రాలను కనీసం అయిదుసార్లు కలిపి విడదీశాడు. అయిదుసార్లూ ఒకే తీరుగా కలిపాడు.

వీటిని చేసి ఇచ్చింది కాకినాడలో మా వీధి చివర ఉండే వడ్రంగి మేస్త్రి. ద్వారబంధాలు చేయగా మిగిలిన టేకు తునకలు ఆయన దగ్గర ఎప్పుడూ ఉంటాయి. ఏటికొప్పాక వారు వాడే అంకుడు కర్రతో చేయిస్తే అందంగా ఉంటుందని ఒకసారి అనుకున్నాను గాని, ఆ పని అంతా లేత్ మీద కర్రను తిప్పి గుండ్రంగా తీసేది. నాకు కావలసినవి చదునైన ముఖాలూ పదునైన అంచులూ. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి ఇంకా మెత్తన. పదిమంది చేతుల్లో పడితే అంచులు నలిగిపోతాయి. మొదట్లో మేస్త్రి నా అట్టముక్కల నమూనాలు చూసి, ఇవి పిల్లల కోసమనుకుని కొద్దిగా అటూఇటుగా కోశాడు. అర మిల్లీమీటరు తేడా కూడా పనికిరాదని నేను చెప్పినప్పుడు ఆయన నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఆయన చేత రెండోసారి చేయించినది టీ అక్షరం పజిల్. నాలుగే ముక్కలు. బల్ల మీద పరచి ఇంగ్లీషు టీ అక్షరం కూర్చాలి. ఇది పాతది. 1903లో అమెరికాలో వైట్ రోజ్ సిలోన్ టీ వారు దీనిని తమ ప్రకటనగా పంచిపెట్టారు. టీ పొడికి టీ అక్షరం అన్న చమత్కారం మన చెవికి కూడా అలాగే అందుతుంది. మనుషులకు పరిష్కారం ఉన్నట్టుండి ఎలా తడుతుందో పరిశీలించే మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ ప్రయోగాల్లో ఈ పజిల్‌ను వాడుతూ ఉంటారు.

దీనికి కొలతలు రకరకాలుగా ఉన్నాయి. నేను వేయించిన దానిలో అక్షరం పట్టీ వెడల్పు ఒక ప్రమాణం అనుకుంటే, పైన అడ్డ పట్టీ పొడవు మూడు, దాని కింద నిలువు కాడ పొడవు మూడు. ముక్కల్లో ఒకటి లంబకోణ త్రిభుజం, రెండు ఒకవైపు ఏటవాలుగా తెగిన పట్టీలు, నాలుగోది అయిదు అంచుల ముక్క. ఈ నాలుగోదే దొంగ. ఉత్తరాల కవరు వెనుక భాగాన నాలుగు త్రిభుజపు మడతలు నడిమధ్యకు వచ్చి కలుసుకుంటాయి కదా, కవరు చతురస్రంగా ఉందనుకుని ఆ నాలుగింటిలో ఒక మడతను కత్తిరించి పారేస్తే మిగిలే ఆకారం అది. చతురస్రానికి ఒక పక్క లోపలికి తొంభై డిగ్రీల గుంట ఉంటుంది.

ఇక్కడ నా కొలతల్లో, నేను ముందుగా అనుకోకుండానే, ఒక వల పడింది. ఆ గుంటలోకి త్రిభుజం ముక్క వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోతుంది. పెట్టగానే చక్కటి చతురస్రం ఏర్పడుతుంది. అంత చక్కగా కుదిరినదాన్ని తప్పని ఎవరు అనుకుంటారు? మేస్త్రి కూడా తాను కోసిన ముక్కలను తానే బల్ల మీద వేసుకుని, మొదటి నిమిషంలోనే ఆ చతురస్రం కట్టి, దానిని వదలకుండా మిగిలిన రెంటినీ దాని చుట్టూ తిప్పుతూ కూర్చున్నాడు. ఆ చతురస్రం పక్క పట్టీ వెడల్పుకు సుమారు 1.41 రెట్లు ఉంటుంది కాబట్టి అది టీలో ఎక్కడా ఇమిడే వీలే లేదు. "గుంటలో పెట్టవద్దు మేస్త్రి గారూ" అని నేను అన్నప్పుడు, "గాడి తీసింది వదిలెయ్యడానికా అమ్మా?" అని అడిగాడు. నలభై ఏళ్లుగా గాళ్లు తీసి వాటిలో కర్రలు కూర్చిన చేతికి ఖాళీ గుంట అంటే పూర్తికాని పని.

కాని ఇక్కడ ఆ గుంట ఖాళీగా ఉండడానికే పుట్టింది. టీ అక్షరంలో అడ్డ పట్టీ కింద కాడకు రెండు పక్కలా రెండు చంకలు ఉంటాయి. ఆ గుంటే కుడి చంక. ఎడమ చంక మాత్రం ఏ ముక్కలోనూ కోసి ఉండదు, మూడు ముక్కలు ఒకచోట కలవడం వల్ల ఏర్పడుతుంది. అక్షరం రెండు పక్కలా సమానంగా ఉంటుంది గాని కోత సమానంగా లేదు. పైగా ఆ ముక్క చతురస్రపు అంచులు అక్షరానికి నిలువుగానో అడ్డంగానో కాక, నలభై అయిదు డిగ్రీల వాలులో పడుకోవాలి. మూలమట్టం పెట్టి బతికే వడ్రంగికి మాత్రమే కాదు, గోడలూ తలుపులూ పుస్తకాలూ అన్నీ నిలువుగా అడ్డంగా ఉన్న ఇళ్లలో పెరిగిన మనకెవరికీ ఒక ముక్కను ఏటవాలుగా మొదలుపెట్టాలని తోచదు. మరునాడు మేస్త్రి, పరిష్కారం తన మనవడు చేశాడని చెప్పాడు. నేను నమ్మినట్లే తల ఊపాను.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తొమ్మిది ముక్కల పెట్టె. స్లోటౌబర్, గ్రాట్స్మా అనే ఇద్దరు డచ్చి వాస్తుశిల్పుల పేరు దీనికి ఉంది. అంగుళం ఘనాలు మూడు, రెండు అంగుళాల పొడవూ రెండు అంగుళాల వెడల్పూ అంగుళం మందమూ ఉన్న బిళ్లలు ఆరు. వీటిని మూడు అంగుళాల ఘనంగా ఒక పెట్టెలో అమర్చాలి. బిళ్లలు ఒక్కొక్కటి నాలుగు ఘనపుటంగుళాల చొప్పున ఇరవై నాలుగు, మూడు ఘనాలు కలిపితే ఇరవై ఏడు, లెక్క సరిపోయింది. ముక్కలన్నీ సబ్బు బిళ్లల్లా నున్నగా, నలుచదరంగా ఉంటాయి. పెట్టె తెరిచి చూపించినప్పుడు, ఇందులో ఏముందండీ అని అడగనివారు లేరు.

నా మొదటి వారం అంతా ఒకే తప్పు చేశాను. పెద్దవాటిని ముందు సర్ది, చిన్నవాటిని మిగిలిన సందుల్లో వేయవచ్చు కదా అనుకున్నాను. ఇల్లు మారేటప్పుడు పెట్టెలు సర్దే తీరే అది: ముందు గంగాళం, ఆ తరువాత గరిటెలు. ఎన్నిసార్లు చేసినా అయిదు బిళ్లలు ఎక్కి ఆరోది బయట ఉండిపోయేది, లోపల మాత్రం దానికి చాలినంత చోటు ముక్కలుముక్కలుగా చెదిరి ఉండేది.

ఆఖరికి నన్ను గట్టెక్కించింది చేతివేళ్లు కాదు, సరి బేసి లెక్క. పెట్టెను మూడు అంతస్తులుగా ఊహించుకుంటే ఒక్కొక్క అంతస్తులో తొమ్మిది గళ్లు ఉంటాయి. బిళ్లను పడుకోబెడితే ఒక అంతస్తులో నాలుగు గళ్లు తీసుకుంటుంది, నిలబెడితే రెండు అంతస్తుల్లో రెండేసి గళ్లు తీసుకుంటుంది. ఎలా పెట్టినా ఏ అంతస్తులోనైనా అది ఆక్రమించేది సరిసంఖ్యే. తొమ్మిది బేసి. కాబట్టి ప్రతి అంతస్తులోనూ కనీసం ఒక చిన్న ఘనం ఉండి తీరాలి. ఉన్నవి మూడే కాబట్టి అంతస్తుకు ఒకటి. ఇదే మాట ఎడమ నుంచి కుడికి కోసిన పొరలకూ, ముందు నుంచి వెనుకకు కోసిన పొరలకూ వర్తిస్తుంది. అంటే మూడు చిన్న ఘనాల్లో ఏ రెండూ ఏ దిక్కున చూసినా ఒకే పొరలో ఉండకూడదు.

చిల్లర అనుకుని చివరికి వాయిదా వేసినవే మొత్తం అమరికను శాసిస్తున్నాయని ఆ క్షణాన అర్థమైంది. వాటిని ముందు పెట్టాలి: ఒకటి అడుగున ఒక మూల, ఒకటి పెట్టె నట్టనడుమ, మూడోది పైన ఎదురు మూల. ఒక మూల నుంచి ఎదురు మూలకు ఘనం గుండా ఏటవాలుగా సాగే కర్ణం మీద మూడూ వరుసగా కూర్చుంటాయి. వాటి చుట్టూ ఆరు బిళ్లలు ఇంక మరో దారి లేక వచ్చి అమరుతాయి. తిప్పి చూసినవీ అద్దంలో బొమ్మలూ వేరుగా లెక్కించకపోతే ఈ పజిల్‌కు ఉన్న పరిష్కారం ఒక్కటే. పూర్తయిన పెట్టెలో నడిమి ఘనం ఎటునుంచీ కనబడదు. పజిల్ మొత్తానికి కీలకమైన ముక్క కంటికి కనబడని చోట ఉండడం నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. కాన్వే అనే గణితవేత్త ఇదే తరహాలో అయిదు ప్రమాణాల ఘనం ఒకటి తయారుచేశాడు. అందులో ముక్కలు పద్దెనిమిది, వాటిలో చిక్కంతా మూడు సన్నపు పుల్లల దగ్గర ఉంటుంది. సరి బేసి లెక్క అక్కడా దారి చూపుతుంది.

దీనిని సోమా ఘనంతో పోల్చి చూడండి. డెన్మార్కుకు చెందిన పీట్ హీన్ కల్పించిన ఆ ఘనం కూడా మూడు ప్రమాణాలదే, ముక్కలు ఏడు. ఒక్కటీ సవ్యంగా ఉండదు. ఒకటి వంగి, ఒకటి మెలి తిరిగి, ఒకటి మూడు దిక్కులకూ కొమ్ములు చాచి ఉంటాయి. చూడగానే భయం వేస్తుంది. కాని దానికి 240 పరిష్కారాలు ఉన్నాయి. ఒక మధ్యాహ్నం కూర్చుంటే హైస్కూలు పిల్లలు కూడా ఏదో ఒకటి సాధిస్తారు. వంకర ముక్క తాను ఎక్కడ పట్టదో తానే చెబుతుంది, మూలలో పెట్టబోతే కొమ్ము అడ్డం వస్తుంది. నున్నటి బిళ్ల ఏమీ చెప్పదు. ఎక్కడ పెట్టినా పడుతుంది, ఎటు తిప్పినా ఒప్పుకుంటుంది, తప్పు జరిగిందని మనకు తెలిసేది అయిదు ముక్కలు దాటిన తరువాత. అందుకే దుకాణంలో చూసేవారికి సోమా కష్టంగానూ, తొమ్మిది ముక్కల పెట్టె పసిపిల్లల ఆటగానూ కనబడతాయి. సోమాను నేను తీసిపారేయడం లేదు, దానితో ఏనుగో సోఫానో కట్టుకోవడం హాయిగా ఉంటుంది. కాని నన్ను రాత్రిళ్లు కూర్చోబెట్టింది ఎన్నడూ అది కాదు.

పరిష్కారాల సంఖ్యను కూడా మరీ నమ్మకూడదు. అయిదేసి గళ్ల పన్నెండు పెంటోమినో ముక్కలను ఆరు గళ్ల వెడల్పు, పది గళ్ల పొడవు ఉన్న పళ్లెంలో అమర్చడానికి 2339 దారులున్నాయి. అయినా మొదటిది దొరకడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఆ రెండు టేకు ముక్కలకు దారులు పట్టుమని పది లేవు.

చెక్క గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. తొమ్మిది ముక్కల పెట్టెను మేస్త్రి ఏప్రిల్‌లో చేసి ఇచ్చాడు. అప్పుడు ముక్కలు తేలిగ్గా జారి దిగేవి. ఆశ్వయుజ మాసం వానలకు సముద్రపు గాలి కూడా తోడయ్యేసరికి, నాకు కంఠతా వచ్చిన పరిష్కారమే పెట్టెలో దిగడం మానేసింది. కర్ర తేమ పీల్చినప్పుడు నారకు అడ్డంగా ఉబ్బుతుంది, నార వెంబడి పొడవులో దాదాపు మారదు. వందకు ఒక వంతు ఉబ్బినా, 76 మిల్లీమీటర్ల పెట్టెలో అది సుమారు ముప్పావు మిల్లీమీటరు. పైగా ఒక్కొక్క బిళ్లలో నార ఒక దిక్కుకే ఉంటుంది కాబట్టి, ఒకవైపు తిప్పితే దిగే ముక్క మరోవైపు తిప్పితే బిగుసుకుంటుంది. నిజానికి అది పజిల్‌లో లేని రహస్య సంకేతం. నార దిక్కు చూసి కొందరు పరిష్కారాన్ని పసిగట్టగలరు. పెట్టెను కొంచెం వదులుగా చేద్దామంటే మరో చిక్కు ఉంది: వదులు ఎక్కువైతే తప్పు అమరికను కూడా నొక్కి ఇరికించవచ్చు. మేస్త్రి నవంబరులో గరుకు కాగితంతో రెండు బిళ్లల అంచులు సుతారంగా రుద్ది ఇచ్చాడు. అర మిల్లీమీటరు గురించి నేను మొదట చెప్పిన మాటను ఈసారి ఆయనే నాకు అప్పజెప్పాడు.

ప్రస్తుతం బల్ల మీద ఉన్నది వీటన్నిటికీ పెద్దన్న. డీన్ హాఫ్మన్ అనే గణితవేత్త 1978లో ప్రతిపాదించినది. ఒకే కొలతలో ఉన్న ఇరవై ఏడు ఇటుకలు, ఒక్కొక్కటి నాలుగు, అయిదు, ఆరు ప్రమాణాలు. పెట్టె ఆ మూడింటి మొత్తమైన పదిహేను ప్రమాణాల ఘనం. నేను పావు అంగుళాన్ని ప్రమాణంగా తీసుకున్నాను. అందరికీ తెలిసిన రెండు దిక్కుల రూపం దీనికి ఉంది: ఒకే కొలతలో ఉన్న నాలుగు దీర్ఘచతురస్రాలను, పొడవు వెడల్పుల మొత్తం పక్కగా ఉన్న చతురస్రంలో గాలిమర రెక్కల్లా అమర్చితే మధ్యలో చిన్న చతురస్రం ఖాళీగా మిగులుతుంది. రెండు సంఖ్యల సగటు (అంకమధ్యమం) వాటి లబ్ధపు వర్గమూలం (గుణమధ్యమం) కన్నా తక్కువ కాదన్న సూత్రానికి అదే బొమ్మ. హాఫ్మన్ అదే బొమ్మను మూడో దిక్కుకు సాగదీశాడు.

నాలుగు ఇటుకలు ఒక వరుసలో ఎలాగూ పట్టవు, అతి చిన్న పక్క నాలుగు కాబట్టి పదహారు అవుతుంది. వరుసకు మూడే. నాలుగు, అయిదు, ఆరు వచ్చేటట్లు చూసుకోవాలి. అయితే అయిదు మూళ్లు కూడా పదిహేనే కావడం వల్ల, మూడు అయిదులను పక్కపక్కన పేర్చిన వరుస ఎంతో నిండుగా కనబడి మనల్ని మోసగిస్తుంది. మొత్తం 21 పరిష్కారాలు ఉన్నాయట, నాకు ఒక్కటి చాలు. మూడు నెలలుగా ప్రయత్నిస్తున్నాను. మొన్న ఆదివారం మొదటిసారి ఇరవై ఆరు ఎక్కాయి.

చేతిలో ఒక ఇటుకతో నేను పెట్టెలోకి తొంగి చూస్తూ ఉంటే, మా వారు భుజం మీదుగా చూసి, "అదేమిటి, లోపల బోలెడు చోటుంది కదా" అన్నారు. ఆయన మాట నిజమే. పెట్టె ఘనపరిమాణం 3375, ఇటుక ఒక్కొక్కటి 120 చొప్పున ఇరవై ఏడింటికి 3240. అన్నీ సరిగా అమరినా 135 ఖాళీ ఉంటుంది, అంటే ఇరవై ఎనిమిదో ఇటుకకు కూడా లెక్క ప్రకారం చోటుంది. ఆ క్షణాన లోపల ఖాళీ 255, నా చేతిలో ఉన్నది 120. ఆ అంకెలు కాగితం మీద వేసి ఆయనకు చూపించాను. ఆయన కాగితం చూశారు, పెట్టెను చూశారు, కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుని, ఇరవై ఆరింటినీ బల్ల మీదకు వంపేశారు.